బైలా సవరణ: మార్పులు కనిపించే ప్రతి

మన పాల సంఘాలలో బైలా సవరణ అనగానే సభ్యులు చేతులెత్తి ఊరుకోవడం పరిపాటి. ఏ మాట తీసివేశారు, ఏ మాట చేర్చారు అని అడిగేవారు తక్కువ. అడిగినా చూపించడానికి చాలాచోట్ల కాగితం ఉండదు. ఆ కాగితం ఎలా తయారుచేయించుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం జిల్లా నుండి విజయనగరం జిల్లాలోకి వచ్చినవి. దరిమిలా రాజాం దాపున ఒక సంఘం తన బైలాలో జిల్లా పేరు మార్చుకోదలచింది. కార్యదర్శి బైలా మొత్తం మళ్లీ టైపు చేయించి, శుభ్రమైన ప్రతులు మహాజన సభలో పంచాడు. జిల్లా పేరు ఒక్కటే మార్పు అని చెప్పారు. నేనూ ఆ సభలో ఉన్నాను. ఒంటి గేదె పాడి గల ఒక సభ్యురాలు కాగితం పట్టుకుని లేచి, “ఏటి బాబూ, ఓటు దగ్గర ‘మరియు’ అని ఉంది, మునుపు ‘లేదా’ కదా?” అన్నది.

పాత ప్రతి తెప్పించి చూస్తే ఆమె మాటే నిజం. ఏడాదిలో 180 రోజులు లేదా 500 లీటర్లు పాలు పోసినవారికి ఓటు అని అందులో ఉన్నది. రోజుకు 2 లీటర్ల చొప్పున 200 రోజులు పోసినవారికి 400 లీటర్లే అవుతాయి. “లేదా” ఉంటే వారికి ఓటు ఉన్నది, “మరియు” అయితే పోయింది. టైపు చేసినవారు వేరే సంఘం నమూనా చూసి కొట్టారని తేలింది. దురుద్దేశమని నేను అనను. కాని ఆమె చూడకపోతే చిన్న రైతులు ఓటు కోల్పోయేవారు. 1964 సహకార చట్టం కింద ఉన్న సంఘాలలో బైలా సవరణ రిజిస్టరయ్యే వరకు చెల్లదు. రిజిస్టరయిన తరువాత తప్పు దిద్దాలంటే మళ్లీ సభ, మళ్లీ తీర్మానం, మళ్లీ దరఖాస్తు.

ఇప్పుడు టైపు పని కంప్యూటరు మీదనే కాబట్టి ఉపాయమూ అందులోనే ఉన్నది. వర్డ్‌లో దిద్దడం మొదలుపెట్టక ముందే “రివ్యూ” కింద “ట్రాక్ చేంజెస్” పెట్టించండి. తీసిన మాట మీద కొట్టివేత గీత, చేర్చిన మాట కింద గీత పడతాయి. ప్రింటు తీసేటప్పుడు పైన “ఆల్ మార్కప్” ఉండాలి, ప్రింటు సెట్టింగులలో “ప్రింట్ మార్కప్” దగ్గర టిక్కు ఉండాలి. అది లేకపోతే శుభ్రమైన ప్రతే వస్తుంది. అక్కడే “లిస్ట్ ఆఫ్ మార్కప్” ఎంచుకుంటే మార్పుల జాబితా మాత్రమే వస్తుంది. రంగులు నలుపు ప్రింటులో తేలవు, గీతలనే నమ్ముకోవాలి. మార్పులు పక్క అంచులో బుడగలుగా పడితే అక్షరం చిన్నదై పెద్దవారికి ఆనదు. “బెలూన్స్”లో అన్నీ వరుసలోనే చూపే ఏర్పాటు ఉన్నది, అది పెట్టించండి.

సభ్యుల ఫోన్లకు పంపడానికి పి.డి.ఎఫ్. చేయించండి. సేవ్ చేసే చోట “ఆప్షన్స్”లో “డాక్యుమెంట్ షోయింగ్ మార్కప్” ఎంచుకోవాలి. వర్డ్ ఫైలే పంపితే మన తెలుగు ఫాంటు లేని యంత్రంలో అక్షరాలు గజిబిజి అవుతాయి.

ఒక పొరపాటు తరచు చూస్తున్నాను. “నో మార్కప్” పెడితే గుర్తులు దాగుతాయి గాని పోవు. “యాక్సెప్ట్ ఆల్” నొక్కితే మాత్రం నిజంగానే పోతాయి. కాబట్టి నొక్కే ముందు గుర్తులున్న ఫైలును వేరే పేరుతో దాచవలెను.

ముందే ట్రాక్ పెట్టకుండా దిద్దేసి ఉంటే? పాత ఫైలు, కొత్త ఫైలు రెండూ ఉంటే “రివ్యూ”లోని “కంపేర్” వాటిని పోల్చి తేడాలు చూపుతుంది. పాతది కాగితమే అయితే ఇక పాత పద్ధతే: ఒకరు పైకి చదవాలి, మరొకరు రెండో ప్రతి మీద వేలు పెట్టి మాట మాటా చూసుకోవాలి. మొన్నటి సంఘంలో చివరకు అదే చేశాం, రెండు గంటలు పట్టింది. “లేదా” తిరిగి వచ్చింది, జిల్లా పేరు మారింది.

ఇలా తీసిన ప్రతిని సభ నోటీసుతోనే సభ్యులకు అందేలా చూడండి. ఒక ప్రతి ప్రతి పేజీలోను అధ్యక్షులు, కార్యదర్శి సంతకాలు చేసి మినిట్సు పుస్తకంతో ఉంచవలెను.