ఇంగ్లిష్ నోట్‌బుక్‌లో సర్వపిండి

ఈ నెల ఏడో తరగతి ఇంగ్లిష్ పీరియడ్‌లో పిల్లలతో హోటల్ మెనూ కార్డు రాయించాం. నోట్‌బుక్కులు దిద్దుతుంటే ఒకచోట ఆగిపోయాను. ఒక పాప "సర్వపిండి" అని రాసి, చెరిపేసి, దాని మీదే "రైస్ పాన్‌కేక్" అని రాసింది. ఎందుకమ్మా అంటే, "ఇంగ్లిష్‌లో తెలుగు మాట రాస్తే మార్కులు పోతాయట టీచర్, మమ్మీ చెప్పింది" అంది.

మర్నాడు స్మార్ట్ బోర్డు మీద జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నగరం చూపించాను. 1950ల నుంచి జపాన్ కంపెనీలు అక్కడ ఆఫీసులు తెరిచాయి. ఉద్యోగులు కుటుంబాలతో వచ్చారు, వాళ్ల వెనకే వాళ్ల వంటలూ వచ్చాయి. రైల్వే స్టేషన్ దగ్గర ఇమ్మర్‌మాన్ వీధి చుట్టుపక్కల ఇప్పటికీ చిన్న చిన్న జపాన్ హోటళ్లు కనిపిస్తాయి. జర్మన్లూ వచ్చి తింటారు. అయినా మెనూలో రామెన్ రామెనే, సుషీ సుషీయే. అందులో ఏముందో మాత్రం కింద జర్మన్‌లో ఒక లైను రాస్తారు.

టెప్పన్‌యాకీ అనే పేరు పిల్లలకు బాగా నచ్చింది. టెప్పన్ అంటే ఇనుప పెనం, యాకీ అంటే కాల్చింది. "మనది కూడా అంతే టీచర్! సర్వలో ఒత్తి కాలుస్తం కదా!" అని వెనక బెంచీ నుంచి ఒకడు అరిచాడు. (నేను చివర్లో చెబుదామని దాచుకున్న మాట అది!) పాన్‌కేక్ అని రాస్తే ఆ సర్వ పోతుంది, పల్లీలూ నువ్వులూ పోతాయి. ఆర్డర్ ఇచ్చినవాడు తీపి వస్తుందనుకుంటాడు.

అందుకే మా క్లాసులో పేరు మనదే ఉంచి, వివరణ ఇంగ్లిష్‌లో రాస్తున్నాం. నిజానికి కష్టమంతా ఆ వివరణలోనే ఉంది. ప్రెస్డ్, రోస్టెడ్, మిక్స్‌డ్ లాంటి పాస్ట్ పార్టిసిపుల్స్ అక్కడే కావాలి, మార్కులూ వాటికే. తెలుగు పేరుకు ఒక్క మార్కు కూడా పోదు. మన పందికొక్కునే ఇంగ్లిష్ వాళ్లు బ్యాండికూట్‌గా తీసుకుపోయారు మరి!

ఈ ఆదివారం ఇంట్లో ఏదైనా వంట ఎలా చేస్తారో పిల్లలకు తెలుగులోనే చెప్పండి. ఇంగ్లిష్‌లో వాళ్లు రాస్తారు, మీరు దిద్దొద్దు.

ఆ పాప మళ్లీ రాసింది: "సర్వపిండి: గ్రౌండ్ రైస్ అండ్ పీనట్స్, ప్రెస్డ్ ఇంటు ఎ రౌండ్ పాట్ అండ్ రోస్టెడ్." నువ్వులు మర్చిపోయావని నానమ్మ అన్నదట. మర్నాడు ఇంటర్వెల్‌లో వచ్చి చేర్చి వెళ్లింది.