రెండు వేల పేజీల్లో ఏవి వదలొచ్చు?

బీఎస్సీ నర్సింగ్‌లో మెడికల్ సర్జికల్ మొదలవగానే బ్రన్నర్ పుస్తకం చేతికొస్తుంది. రెండు వేల పేజీలు దాటిన పుస్తకం. పొద్దున వార్డు డ్యూటీ, ఆ తర్వాత క్లాసులు, రాత్రి హాస్టల్లో కేర్ ప్లాన్లు, రికార్డులు. ఇన్నింటి మధ్య మేడమ్ ‘రేపటికి ఈ చాప్టర్ చదువుకుని రండి’ అంటారు. కొందరు మొదటి పేజీ నుంచి వరసగా మొదలెట్టి పదో పేజీ దగ్గర నిద్రలోకి జారుకుంటారు. ఇంకొందరు గైడు, పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని కూర్చుంటారు. రెండు పద్ధతులూ నష్టమే.

అన్ని పేజీలూ చదవక్కర్లేదు. అయితే ఏవి చదవాలో గైడు రాసినవాళ్లు కాదు, మీ వార్డులో మంచం మీదున్న మనిషి తేల్చాలి.

ప్రసూతి వార్డునే తీసుకోండి. ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. ప్రతి డోసుకు ముందు మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, మూత్రం చూడాలని గైడులోనూ ఉంటుంది. ఆ మూడే ఎందుకో తెలియాలంటే మాత్రం పెద్ద పుస్తకం తెరవాలి. ఆ మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. మూత్రం తగ్గిందంటే మందు ఒంట్లో పేరుకుంటున్నట్టే. అలా పేరుకుంటే ముందు మోకాలి రిఫ్లెక్స్ పోతుంది, అప్పుడైనా గుర్తించకపోతే శ్వాసే ఆగిపోవచ్చు. అందుకే విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే సిద్ధంగా ఉంచుతారు. మూడు మాటలూ బట్టీ పట్టినవారు అర్ధరాత్రి మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లు కూడా రావడం లేదని చూసి, చార్టులో రాసి ముందుకెళ్లిపోతారు. కారణం చదివినవారు తర్వాతి డోసు ఆపి డాక్టర్‌ను లేపుతారు. ఆ తల్లి ప్రాణం ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

కాబట్టి ఏ చాప్టర్లోనైనా రెండు భాగాలు వదలకండి. జబ్బు ఒంట్లో ఎలా ముదురుతుందో చెప్పే పాథోఫిజియాలజీ ఒకటి, నర్సింగ్ మేనేజ్‌మెంట్ రెండోది. గుండె ఎడమవైపు బలహీనపడితే రక్తం ఊపిరితిత్తుల వైపు నిలిచిపోతుందని ఒక్కసారి బోధపడితే చాలు. పడుకుంటే ఆయాసం ఎందుకొస్తుందో, తలవైపు ఎందుకు ఎత్తిపెట్టాలో, రోజూ బరువు ఎందుకు చూడాలో వేరే జాబితాలు కంఠతా పట్టాల్సిన పని ఉండదు. లాసిక్స్ ఇచ్చాక పొటాషియం రిపోర్టు ఎందుకు అడగాలో కూడా ఆ గుండె జబ్బు చాప్టర్లోనే దొరుకుతుంది.

వదలదగ్గవి కూడా ఉన్నాయి. బ్రన్నర్ అమెరికా పుస్తకం. అక్కడి ఇన్సూరెన్స్, అక్కడి ఆసుపత్రి వ్యవస్థ గురించిన పేజీలు తిప్పేయండి. అరుదైన జబ్బుల విషయంలో ఏ చాప్టర్లో ఏముందో గుర్తుంటే చాలు. కానీ మన జిల్లా ఆసుపత్రుల ఎమర్జెన్సీకి పురుగుమందు తాగినవారు, పాము కరిచినవారు వస్తుంటారు. ఆ కేసులు పుస్తకంలో ఎంత చిన్నగా ఉన్నా మీకు పెద్ద పాఠాలే. టీబీకి, టీకాలకు కమ్యూనిటీ హెల్త్‌కు వాడే పార్క్ పుస్తకం తీయండి.

చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదవడం మానండి. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు 2006లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. పాఠాన్ని తిరిగి చదివినవారు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం గడిచాక చూస్తే, పుస్తకం మూసి గుర్తున్నది రాసుకున్నవారిదే పైచేయి అయింది. రేపు వార్డులో మీకు కావలసింది వారం తర్వాత కూడా నిలిచే జ్ఞాపకం. ఒక భాగం చదవగానే పుస్తకం మూసి, పక్క మంచం మీదున్న స్నేహితురాలికి చెప్పండి. ఎక్కడ తడబడితే అక్కడికే తిరిగి వెళ్లండి.

తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవారికి ఇంకో మాట. ఇంగ్లిష్ అడ్డుపడుతోందని గైడుకు దిగిపోకండి. ముందు అనాటమీ పుస్తకం రాస్ అండ్ విల్సన్‌లో ఆ అవయవం బొమ్మ చూసి, అది ఎలా పనిచేస్తుందో చదివి, అప్పుడు బ్రన్నర్‌కు రండి. ఒంట్లో జరిగేదంతా మార్జిన్లో తెలుగులోనే రాసుకోండి. పేషెంట్‌కూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ రేపు మీరు చెప్పాల్సింది ఆ తెలుగులోనే.

ఇక మందుల విషయంలో మాత్రం ఎక్కడా తగ్గింపు లేదు. మీ చేత్తో ఇవ్వబోయే ప్రతి మందుకూ డోసు, ఎక్కించే వేగం, దుష్ప్రభావం పూర్తిగా చదవాలి. పొటాషియం క్లోరైడ్‌ను పలుచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. చదవడానికి టైమ్ చాలకపోతే ‘సిస్టర్, ఈ మందు నేనింకా చదవలేదు’ అని వార్డు ఇన్‌చార్జికి చెప్పండి. ఆమె పక్కన నిలబడి ఇప్పిస్తేనే ముట్టుకోండి. ఆ రాత్రి హాస్టల్‌కు రాగానే ఆ పేజీయే మొదట తెరవండి.