గాలముతో కొర్రమీను వేట: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

చెరువు లేని ఊరు తెలుగునాట అరుదు. కాకతీయుల కాలమునాటి పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు మొదలుకొని ఊరి చివరి చిన్న కుంట వరకు నీరున్న ప్రతిచోట చేప యున్నది. చేప యున్నచోట గాలము పట్టువాడు నున్నాడు. మంచినీటి చేపలలో మంచి ధర పలుకునది కొర్రమీను. తెలంగాణ ప్రభుత్వము 2016లో దీనిని రాష్ట్ర మత్స్యముగా స్వీకరించినది.

గాలపు వేట పొద్దుపోని వారి వినోదమని పంచాయతీ సభ్యులు త్రోసివేయరాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన పదకొండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేపల పరిశ్రమ అయిదవది. కనుక ఈ చేపను ఎట్లు పట్టుదురో, ఎప్పుడు పట్టరాదో తెలిసికొనుట సభ్యుల విధి.

చేప స్వభావము

కొర్రమీను మాంసాహారి. తామరాకుల క్రింద, నాచు అంచున, తుంగ మొదళ్లలో కదలక పొంచియుండి, దగ్గరకు వచ్చిన చిన్న చేపను, కప్పను, పురుగును ఒక్క దూకుడుతో పట్టును. ఇది మొప్పలతోనే గాక నేరుగా గాలిని గూడ పీల్చగలదు. అందుచేత అప్పుడప్పుడు నీటిపైకి వచ్చి గుక్కెడు గాలి తీసికొని పోవును. వేసవిలో చెరువు ఎండినను తడి బురదలో కొంతకాలము బ్రతికియుండును. నీటిపై ఆ గుక్క చప్పుడును, బుడగలను కనిపెట్టుటే వేటగాని మొదటి పాఠము.

పనిముట్లు

గట్టి వెదురుకర్ర, దృఢమైన నైలాను దారము, పదునైన గాలము, బెండు: ఇవి చాలును. గాలము తగిలిన వెంటనే ఈ చేప నాచులోనికి దూరి దారమును చుట్టివేయును గనుక సన్నని దారము పనికిరాదు. గాలపు మొనను గోటిపై ఆనించి చూడవలయును. జారిపోయినచో దానిని ఆకురాతితో పదును పెట్టవలయును. విద్యుత్ తీగల క్రింద పొడవైన కర్రను ఎత్తుట ప్రాణాపాయకరము.

ఎర

చిన్న కొర్రమీనునకు వానపాము చాలును. పెద్దదానికి బ్రతికియున్న పరిగెపిల్ల మేలు. దానిని వీపుపై పైపైన గ్రుచ్చినచో చాలసేపు కదలుచుండును. ఆ కదలికయే చేపను రప్పించును. పూర్వము కప్పపిల్లను గ్రుచ్చుట వాడుక. కాని కప్ప పొలములోని పురుగులను తిని రైతునకు మేలు చేయు ప్రాణి. 1987లో భారత ప్రభుత్వము కప్పకాళ్ల ఎగుమతిని నిషేధించినది. నేడు రబ్బరు కప్పలు లభించుచున్నవి. వానిని నీటిపై ఆకుల నడుమ మెల్లగా ఎగురునట్లు లాగినచో కొర్రమీను వానిపై దూకును.

ఉదయము, సాయంకాలము వేటకు అనువైనవి. గట్టుపై నీడ పడకుండ, అడుగుల చప్పుడు కాకుండ నిలువవలయును. బ్రతికిన ఎరను చేప నోట పట్టిన వెంటనే గుంజరాదు. అది ఎరతో మరలుటకు క్షణకాలము వ్యవధినిచ్చి, పిమ్మట ఒక్కసారిగా లాగి, నాచునుండి బయటికి త్రిప్పవలయును.

ఎప్పుడు పట్టరాదు?

ఇదియే ముఖ్యమైన విషయము. బొచ్చె, రోహు వంటి చేపలు నిలువనీటి చెరువులో గ్రుడ్లు పెట్టవు. వాని పిల్లలను ఏటేట తెచ్చి విడువవలయును. కొర్రమీను అట్లుగాక, వానకాలములో చెరువులోనే నాచు నడుమ చోటు శుభ్రపరచుకొని గ్రుడ్లు పెట్టును. సుమారు ఒకటి రెండు దినములలో పిల్లలు వెలువడును. అవి ఎఱ్ఱని గుంపుగా నీటిపై తిరుగుచుండ, తల్లిదండ్రులు క్రింద కావలి కాయును.

ఆ ఎఱ్ఱని గుంపే వానికి శత్రువగుచున్నది. గుంపు నడుమ ఎర వేసినచో, కావలి చేప ఆకలి లేకున్నను పిల్లలను కాచుటకై దానిపై దూకును. పట్టుట బహు సులభము. కాని కావలి పోయిన పిల్లలను ఇతర చేపలు, పక్షులు మ్రింగివేయును. ఒక చేప బుట్టలో పడినది. వేలకొలది పిల్లలు పోయినవి. మృగశిర కార్తెనాడు చేప తినుట మన ఆచారము. గిరాకీ పెరుగు ఆ దినములలోనే కొర్రమీను సంతానకాలమును ఆరంభమగుచున్నది.

“కొర్రమీను మనము విడిచిన పిల్లలను తినివేయును గదా, దానిని కాపాడుటెందులకు?” అని కొందరు సభ్యులు అడుగవచ్చును. ఆ మాటలో కొంత నిజమున్నది. అందులకు మార్గము, 80 నుండి 100 మిల్లీమీటర్ల వరకు పెరిగిన పిల్లలనే చెరువులో విడుచుట. సంతానకాలము గడచిన పిదప పెద్ద కొర్రమీనులను గాలముతో పట్టనిచ్చుట. చిన్న కుంటలలో మాత్రము పైసా ఖర్చు లేక పెరుగు పంట ఇదియే.

పంచాయతీ చేయవలసినది

ఒకటి: వానకాలములో ఎఱ్ఱని పిల్లల గుంపుపై గాలము వేయరాదని గ్రామసభలో తీర్మానించి చాటింపు వేయించుడు. రెండు: చెరువు కౌలు పంచాయతీ చేతిలో నున్నచో ఈ నియమమును షరతులలో చేర్చుడు; సహకార సంఘము చేతిలో నున్నచో మత్స్యకారులతో కూర్చుండి ఒప్పించుడు. వారి జీవనమే దీనిపై నున్నది గనుక వారిని కాదని చేసిన కట్టడి నిలువదు. మూడు: వేసవిలో చెరువును అడుగంట తోడనీయక ఒక లోతైన మడుగును విడిచి పెట్టించుడు. నాలుగు: మందుగుండు, విషము నీటిలో వేయుట 1897 నాటి భారత మత్స్య చట్టము ప్రకారము నేరమని తెలియజెప్పుడు. కరెంటు తీగలు నీటిలో వేయుట మనుష్యుల ప్రాణములనే తీయును.

గాలమునకు చిక్కిన చిన్న చేపను తడిచేతితో విడిపించి నీటిలో వదలుట పిల్లలకు నేర్పుడు. ఈ యేడు కావలి చేపను విడిచిన ఊరికి, వచ్చు యేడు చెరువే పిల్లలను పెంచి యిచ్చును.