పంచాయతీ కార్యాలయములో ఫోను సంకేతము: రౌటరు, బూస్టరు – వాని స్థానము

నేడు గ్రామములందు సెల్‌ఫోను విలాసవస్తువు కాదు. రాత్రివేళ ప్రసవవేదన పడు స్త్రీకొరకు 108 వాహనమును పిలువవలెనన్నను, బ్యాంకువారు పంపు ఓటీపీ అందుకొనవలెనన్నను అదియే ఆధారము. అయినను కాంక్రీటు కప్పు గల కార్యాలయములో అడుగిడినంతనే సంకేతము క్షీణించుట పెక్కు గ్రామములలో చూచుచున్నాము. అట్టి సమయమున "ఒక బూస్టరు కొని రౌటరు ప్రక్కన పెట్టినచో సరిపోవును" అని సలహా చెప్పువారు కలరు. ఈ సలహాలోని మంచి చెడ్డలను పంచాయతీ సభ్యులకు విశదపరచుట మా ఉద్దేశము.

రెండును ఒకటి కావు

రౌటరు తీగ ద్వారా వచ్చిన ఇంటర్నెట్టును వైఫై తరంగములుగా గదులలో పంచిపెట్టును. గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు తీగ వేయుటకు కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించిన పథకమే నేటి భారత్‌నెట్. బూస్టరు పని వేరు. అది టవరునుండి వచ్చు తరంగములను పట్టి, పెంచి, లోపలికి వదలును. సామాన్యమైన బూస్టరునకు రౌటరుతో సంబంధమే లేదు. కావున దానిని రౌటరు చెంత నుంచినందువలన ఒనగూడు లాభమేమియు లేదు. నష్టము మాత్రము కలుగవచ్చును. వైఫై తరంగములు 2400 మెగాహెర్ట్జ్ మొదలుకొని యుండగా, మన దేశమున 4జీ కొరకు వాడబడు తరంగశ్రేణులలో నొకటి 2300 నుండి 2400 వరకు కలదు. ఇవి ఒకే గట్టునకు ఇరుప్రక్కల నున్న పొలముల వంటివి. రెండు యంత్రములును ఆనుకొనియున్నచో ఒకదాని నీరు మరియొకదానిలోనికి పొంగును.

బూస్టరు వలని ప్రమాదము

బూస్టరునకు అంగములు మూడు: కప్పుపై టవరు వైపు తిరిగియుండు బయటి యాంటెన్నా, సంకేతమును పెంచు పెట్టె, గదిలోని లోపలి యాంటెన్నా. గ్రామసభలో మైకును లౌడ్‌స్పీకరు ఎదుట పెట్టినచో పుట్టు కీచుధ్వని అందరును ఎరిగినదే. రెండు యాంటెన్నాలును ఒకదాని కొకటి సమీపమున నున్నచో ఇచటను అదియే జరుగును. లోపలినుండి వెలువడినదానిని బయటిది మరల పట్టుకొనును. అది మరల పెరుగును. ఈ కూత మన చెవికి వినబడదు గాని టవరునకు వినబడును. అప్పుడు ఆ టవరు క్రింద నున్న ఫోనులన్నిటికిని చెరుపు కలుగును. ఒక ఇంటివారి సౌకర్యము కొరకు పెట్టిన పెట్టె, ఆవలి వీధిలోని రోగి బంధువులు చేయు పిలుపును అడ్డగింపవచ్చునన్నమాట.

ఈ కారణముననే 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము అనుమతి లేని రేడియో పరికరమును కలిగియుండుటను నిషేధించినది. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టమును ఇదే సూత్రమును అనుసరించినది. అంగడిలో దొరకినంత మాత్రమున బూస్టరు చట్టసమ్మతము కాజాలదు. అవసరమని తోచినచో ఫోను సంస్థనే కోరవలెను. తగిన స్థలమును పరీక్షించి అమర్చుట వారి పని. పంచాయతీ నిధులతో ఇట్టి పెట్టెను కొనరాదని మా సలహా.

న్యాయమైన మార్గము

ఇంటర్నెట్టు ఉన్నచోట వైఫై ద్వారానే మాటలాడు సదుపాయము కలదు. దీనిని వైఫై కాలింగ్ అందురు. మన దేశమున ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులోను, జియో 2020 జనవరిలోను దీనిని ప్రారంభించినవి. సిమ్ము సంస్థయు, ఫోనును ఇందుకు అనుకూలమైనవై యుండవలెను. ఫోను సెట్టింగులలో దీనిని ఒకమారు తెరచినచో చాలును. ఇక మిగిలినది రౌటరునకు తగిన చోటు చూచుటయే.

1. రౌటరును భవనమునకు నడుమ, నిలుచున్న మనిషి తల ఎత్తున ఉంచవలెను. మూలగదిలో నేలపై ఉంచరాదు.

2. ఇనుప బీరువాలోగాని, దాని వెనుకగాని పెట్టరాదు. లోహము తరంగములను వెనుకకు త్రిప్పును. రేకుల కప్పు, నీటి తొట్టి, మందపాటి రాతిగోడ కూడ ఆటంకములే.

3. ఫైబరు తీగ ద్వారము కడనే వచ్చియున్నచో దానిని వంచి లాగరాదు. పదునుగా వంచినచో లోని గాజుపోగు విరుగును. అచటినుండి రౌటరు వరకు ఈథర్నెట్ తీగ వేయించవలెను. అది 100 మీటర్ల వరకు పనిచేయును.

4. కరెంటు పోయినచో రౌటరుతోపాటు ఈ పిలుపులును ఆగిపోవును. కావున రౌటరునకు, ఫైబరు పెట్టెకు బ్యాటరీ ఆధారము తప్పక కల్పింపవలెను.

పంచాయతీ చేయదగినది

కార్యాలయములోని సంకేతము సరిపడినను ఊరి కొరత తీరదు. సభ్యులు వార్డువారీగా నడచి, ఫోను సెట్టింగులలో కనబడు సంకేతబలమును వ్రాసికొనవలెను. ఇది మైనస్ అంకెలలో ఉండును. మైనస్ 85 కంటె మైనస్ 105 నూరురెట్లు బలహీనమని గ్రహింపవలెను. ఉదయమొకమారు, రాత్రియొకమారు చూచి, ఏ సంస్థ సిమ్మో కూడ గుర్తించి పట్టిక తయారుచేయవలెను. దానిని గ్రామసభ తీర్మానముతో జతపరచి ఫోను సంస్థకును, జిల్లా కలెక్టరుకును పంపవలెను. 4జీ లేని 24,680 గ్రామములకు ఆ సేవ నందించుటకు కేంద్ర మంత్రివర్గము 2022 జూలైలో ఒక పథకమును ఆమోదించియున్నది. "మా ఊరిలో సిగ్నలు లేదు" అను ఫిర్యాదుకంటె, ఏ వీధిలో ఎంత కలదో చూపు పట్టికకు బలమెక్కువ.

రౌటరునకు మంచి చోటు చూచుట ఒక పూట పని. పట్టిక తయారుచేయుట ఒక వారము పని. ఈ రెంటిని పూర్తిచేసిన పంచాయతీ, పొరుగువాని పిలుపును చెరుపక తన పిలుపును చేర్చుకొన్నదగును.