వృత్తివ్యవహారమున సంజ్ఞాభాష: వస్త్రము మాటున జరిగిన బేరము

పని జరుగు చోట మనుష్యులు పలుకుతో మాత్రమే వ్యవహరింపరు. కొలిమి యొద్ద కమ్మరి చిన్నసుత్తితో దెబ్బ పడవలసిన తావును చూపును; సమ్మెట పట్టినవాడు అచ్చటనే కొట్టును. ఇనుము చల్లారులోగా మాటాడుటకు వ్యవధి యుండదు. ఇట్టి మూగవ్యవహారము ప్రతి వృత్తియందును గలదు. దానిని కేవలము మాటకు తోడుగా భావింపవలెనా, లేక స్వతంత్రమైన సంకేతవ్యవస్థగా పరిశీలింపవలెనా యనునది ప్రస్తుతాంశము.

తెలుగు పదజాలమే దీనికి మొదటి సాక్ష్యము. సంస్కృత 'సంజ్ఞ' నుండి ప్రాకృతము మీదుగా వచ్చిన 'సన్న' శబ్దము కనుసన్న, చేసన్న అను సమాసములలో నిలిచియున్నది. కన్నడమున దీనికి 'సన్నె' యను రూపము కలదు. పెదవి విరుచుట అసమ్మతిని, నొసలు చిట్లించుట చిరాకును, ముక్కున వ్రేలిడుకొనుట ఆశ్చర్యమును దెలుపును. ఇవి మొదట శరీరచేష్టలకు పేర్లు. క్రమముగా ఆ చేష్ట లేకున్నను ఆ భావమును దెలుపు జాతీయములైనవి. అనగా భాష చేష్టను తనలో కలుపుకొన్నది.

శాస్త్రమున కూడ ఈ విషయమునకు ప్రాచీనమైన చర్చ కలదు. భరతుని నాట్యశాస్త్రము అభినయమును ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికములని నాలుగు విధములుగా విభజించినది. నందికేశ్వరుని అభినయదర్పణమును ఆనంద కుమారస్వామితో కలిసి ఆంగ్లీకరించి 1917లో ప్రకటించినవాడు తెలుగువాడైన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. అయితే రంగస్థలముపై హస్తము ప్రేక్షకులందరికిని అర్థమగుటకై ఉద్దేశింపబడినది. వృత్తిసంజ్ఞలలో కొన్ని దీనికి విరుద్ధములు. అవి ఇరువురికి మాత్రమే తెలియవలెను, చుట్టునున్నవారికి తెలియరాదు.

దీనికి మిక్కిలి స్పష్టమైన ఉదాహరణము వజ్రవ్యాపారమున లభించుచున్నది. 17వ శతాబ్దమున పలుమారులు భారతదేశమునకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్, గోల్కొండకు ఐదు దినముల ప్రయాణదూరమున నున్న గని యొద్ద తాను చూచిన బేరపు పద్ధతిని, 1676లో వెలువడిన తన యాత్రాగ్రంథమున వర్ణించెను. విక్రేత, క్రేత ఎదురెదురుగా కూర్చుందురు. ఒకడు నడికట్టును విప్పగా, దాని మాటున విక్రేత క్రేత కుడిచేతిని పట్టుకొనును. తక్కిన వర్తకులు అచ్చటనే యుందురు. అయినను నోటితో గాని కంటితో గాని ఏమియు తెలుపక, చేతులతోనే ధర నిర్ణయింతురు.

ఆ లెక్క యిట్టిది. చేతిని మొత్తముగా పట్టినచో 1,000. ఎన్ని మార్లు నొక్కిన అన్ని వేలు. ఐదు వ్రేళ్ళను మాత్రమే పట్టినచో 500, ఒక వ్రేలు 100, నడిమి కణుపు వరకు పట్టిన 50, మొదటి కణుపు వరకు గల కొన 10. ఈ రీతిని 1,160 తెలుపవలెనన్న చేతిని ఒకమారు నొక్కి, పిదప ఒక వ్రేలిని, సగము వ్రేలిని, వ్రేలికొనను వరుసగా పట్టిన చాలును.

భాషాశాస్త్రదృష్టితో చూచినచో ఇందు మూడు విశేషములు కనబడుచున్నవి. మొదటిది భేదకత్వము: మొత్తము చేతికిని ఐదు వ్రేళ్ళకును నడుమ స్పర్శలో గల కొలదిపాటి తేడా విలువను ఇబ్బడి చేయుచున్నది. 'పలక', 'పిలక' శబ్దములందు ఒక్క అచ్చు అర్థమును మార్చునట్టిదే యిది. రెండవది సందర్భాపేక్ష: చేయి సంఖ్యను మాత్రమే చెప్పును, అది వరహాలా, రూపాయలా యనునది బేరమునకు పూర్వమే ఇరువురకును తెలిసియుండవలెను. మూడవది మాధ్యమము: ఇది కంటికి కనబడు సంజ్ఞ కాదు, స్పర్శసంజ్ఞ. కావున సంజ్ఞయనగా చూపునకు సంబంధించినదే యను సామాన్యాభిప్రాయము సవరింపదగినది.

ఈ పద్ధతి వలని మేలు స్పష్టమే. ఒకే సరకు అదే చోట పలుమారులు చేతులు మారినను, వెల మూడవవానికి తెలియదు. కాని ఆ మాటుననే కీడును దాగియున్నది. వజ్రపు బేరమున కూర్చున్న ఇరువురును సంకేతము నెరిగినవారు. ధాన్యము, ప్రత్తి మొదలగు పంటల విపణులలో 'హట్టా' యను పేర వ్యవహరించిన పద్ధతియందు గుడ్డ క్రింద చేయి కలిపినవారు కొనుగోలుదారును, దలారియును. సరకుగల రైతు ప్రక్కన నిలిచియుండెడివాడు. తన పంటకు ఎవరెంత యిచ్చిరో దలారి చెప్పిన మాటయే అతనికి ప్రమాణము. ఒకే సంజ్ఞ ఒకచోట రక్షణము, వేరొకచోట వంచనకు అవకాశము. భేదము సంజ్ఞయందు లేదు. అది ఎవరి చేతిలో నున్నది, ఎవరి చేతికి అందలేదు అనుటయందు గలదు.

విపణిసంస్కరణములు ఈ లోపమును కూడ లక్షించినవి. 1928లో నివేదిక నిచ్చిన వ్యవసాయ రాయల్ కమిషన్ నియంత్రిత విపణులను ప్రోత్సహించెను. మద్రాసు రాష్ట్రమున 1933లోను, ఆంధ్రప్రదేశమున 1966లోను విపణిశాసనములు వచ్చినవి. నియంత్రిత విపణులలో బహిరంగ వేలము పాటించుటచే వెల వినబడునట్టిదాయెను. 2016లో ఆరంభమైన జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ విపణియందు ధర తెరపై వ్రాతగా మారినది.

నేటి కార్యాలయమునకు ఈ ఉదాహరణము పరాయిది కాదు. తెలుగువాడు తలను ప్రక్కలకు మెల్లగా వంచుచు వినుట 'అవును, వినుచున్నాను' అనుటయే కావచ్చును. ఆ వాడుక నెరుగని పైయధికారి దానిని నిరాకరణముగా గ్రహింపవచ్చును. తెరపై జరుగు సమావేశమున చేతిసన్న తెర యంచుకు ఆవల జారిపోవును. సభలో ఇరువురి నడుమ నడచిన కనుసైగ మూడవవానిని చర్చ నుండి వెలివేయును. కావున పనిచోట సంజ్ఞను వాడువారు అది ఎవరికి కనబడుచున్నది, ఎవరికి అర్థమగుచున్నది, దానికి ఆధారమైన సందర్భము అందరికిని తెలిసినదేనా యని విచారింపవలెను. ధర, వేతనము, బాధ్యత వంటి విషయములలో సంజ్ఞ తరువాత స్పష్టమైన మాట యుండుట న్యాయము.

పరిశోధకులకు మరియొక కర్తవ్యము కలదు. వ్యవసాయపదములతో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశ ప్రథమ సంపుటము వృత్తులవారి నోటిమాటకు శాస్త్రగౌరవము నిచ్చినది. వృత్తులవారి చేతులకును అట్టి గౌరవము దక్కవలెను. ఏ సంజ్ఞ, ఏ పనిలో, ఎవరి నుండి ఎవరికి, దాని తోడి మాట యేమి, దాని ఫలితమేమి అను ఐదంశములతో దేశభాషలన్నిటను సేకరణము జరిగినచో తులనాత్మక పరిశీలనము సాధ్యమగును. పలుకు వ్రాతలో నిలుచును. చేసన్న ఆ చేతితోనే పోవును.