గొంతులోని కాపరులు

నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములందు వరి విస్తారముగా పండును. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. కోతల కాలమున ఒకవైపు ఊకదుమ్ము, మరియొకవైపు సూర్యాపేట, కోదాడల మీదుగా పోవు హైదరాబాదు–విజయవాడ రహదారి ధూళి. చలికాలమున దగ్గు, పడిశము రాని యిల్లు అరుదు. అప్పుడు వైద్యుని అడుగకయే మందుల దుకాణమున నాలుగు యాంటిబయాటిక్ గోలీలు కొనితెచ్చుకొనువారు కలరు. ఆ గోలీ కడుపులో కరగి, నెత్తురులో కలిసి, ముక్కునకు, గొంతునకు, ఊపిరితిత్తులకు చేరును. అచ్చట అది చేయు పని యెట్టిదో చూతము.

మన ముక్కు, గొంతు నిర్జన ప్రదేశములు కావు. వానియందు కోట్లకొలది బాక్టీరియాలు నివసించుచున్నవి. వానిలో పెక్కు సాధుజీవులు. చోటును, ఆహారమును అవి ముందే ఆక్రమించుకొని, క్రొత్తగా వచ్చువానికి తావీయవు. స్ట్రెప్టోకాకస్ సాలివేరియస్ అను జాతిలోని కొన్ని తెగలు, గొంతునొప్పి కలిగించు తమ దాయాదియగు స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్‌ను అణచు పదార్థములను స్రవించును. అయితే న్యుమోనియా కలిగించు న్యూమోకాకస్ కూడ ఆరోగ్యవంతులైన పిల్లల ముక్కులలో కాపురముండుట కలదు. దొంగయు, కాపరియు ఒకే వీధివారన్నమాట!

యాంటిబయాటిక్ వీరిలో మంచిచెడ్డల నెంచదు. ఆ మందు పనిచేయు నిర్మాణము ఏ బాక్టీరియాలో నున్నను దానిని దెబ్బతీయును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమునకు అధిపతిగా నున్నప్పుడు, ఆయన పర్యవేక్షణమున బెంజమిన్ డగ్గర్ మట్టిలోని యొక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను సాధించెను. 1948లో వెల్లడియైన ఆ మందు పలుజాతుల బాక్టీరియాలను అణచినది. అదియే దాని గొప్పతనము; చిక్కును అందే యున్నది. వల యెంత పెద్దదైన, అందు చిక్కు సాధుజీవుల సంఖ్యయు అంత పెద్దది.

బాక్టీరియా వలన వచ్చిన న్యుమోనియాకు ఈ మందులు ప్రాణదాతలు. ఆ సమయమున జంకరాదు. వైద్యుడు చెప్పిన మోతాదున, చెప్పినన్ని దినములు వాడవలెను. కాని పడిశము వైరసుల వలన వచ్చును. వైరసులను గాని, ఊకదుమ్మును గాని యాంటిబయాటిక్ ఏమియు చేయజాలదు. అట్టియెడ దెబ్బతినునది కాపరులే. మందునకు లొంగని బాక్టీరియా ఏదైన నున్నచో, ఖాళీయైన చోట అది విస్తరించును. తన మొండితనమునకు మూలమైన జన్యువును ఇరుగుపొరుగు బాక్టీరియాలకును అందీయగలదు. ఒకరి గొంతులో పెరిగిన ఆ మొండిజీవి, దగ్గుతుంపరలతో ఇంటనున్న పసిబిడ్డను చేరవచ్చును. నిజముగా న్యుమోనియా వచ్చిననాడు అదే మందు ఆ బిడ్డకు పనిచేయకపోవచ్చును. అందుచేతనే కొన్ని ముఖ్యమైన యాంటిబయాటిక్కులను చీటీ లేక అమ్మరాదనియు, అమ్మకమును పుస్తకమున వ్రాయవలెననియు నిర్ణయించు నిబంధన 2014 నుండి మన దేశమున అమలులో నున్నది.

జర్మనీలోని ట్యూబింగెన్ శాస్త్రజ్ఞులు 2016లో మరియొక వింతను ప్రకటించిరి. కొందరి ముక్కులలో నివసించు స్టాఫిలోకాకస్ లుగ్డునెన్సిస్ అను బాక్టీరియా తానే యొక యాంటిబయాటిక్‌ను తయారుచేయుచున్నది. దానికి లుగ్డునిన్ అని పేరిడిరి. ఆ జీవి యున్న ముక్కులలో, పుండ్లు మొదలు న్యుమోనియా వరకు కలిగించు స్టాఫిలోకాకస్ ఆరియస్ చాల అరుదుగా కనబడెను.