గొఱ్ఱెపిల్లల నట్టల జబ్బు – నివారణోపాయములు

వానకాలమున పచ్చిక పుష్కలముగా నున్నను, మందలోని పిల్లలు కొన్ని చిక్కిపోయి, దవడ క్రింద నీరు దిగి, ఒకనాటి యుదయమున దొడ్డిలో చచ్చి పడియుండుట గొఱ్ఱెలు గల రైతు లెఱిగినదే. పలువురు దీనిని దిష్టికిని గ్రహచారమునకును అంటగట్టుదురు. పెక్కుమార్లు నిజమైన కారణము కడుపులోని నట్టలు. ఇవి యెట్లు వచ్చునో తెలిసికొనినచో స్వల్పవ్యయముతోనే పిల్లలను దక్కించుకొనవచ్చును.

1. నట్టల స్వరూపము

నట్టలు పలువిధములు. వానిలో మిక్కిలి అపాయకరమైనది హీమాంకస్ అనునది. ఇది గొఱ్ఱె నాలుగవ పొట్టలో నంటుకొని రక్తము పీల్చును. ఆడుపురుగు సుమారు అంగుళము పొడవుండి, ఎఱుపు తెలుపు దారములు పేనినట్లు కనబడును. ఒక్కొక్క పురుగు దినమునకు సుమారు 0.05 మిల్లీలీటరు రక్తము హరించును. ఇది స్వల్పమని తోచవచ్చును. కాని వేయి పురుగులున్న పిల్ల దినమునకు 50 మిల్లీలీటర్లు కోల్పోవును. పది కిలోల పిల్ల శరీరమున నుండు రక్తమంతయు సుమారు ముప్పాతిక లీటరే. ఇక నది ఎన్నాళ్లు నిలువగలదో రైతులే యోచింపవలయును.

2. వ్యాపించు విధము

ఆడుపురుగు దినమునకు వేలకొలది గ్రుడ్లు పెట్టును. అవి పెంటికలతో బయటపడి, తేమయు వెచ్చదనమును గలచోట పొదిగి, సుమారు వారము దినములలో రోగము కలిగింపగల పిల్లపురుగులగును. ఇవి కంటికి కనబడవు. మంచునీటిని, వాననీటిని ఆధారము చేసికొని గడ్డిపోచల మీదికి ప్రాకును. ఆ గడ్డి మేసిన పిల్ల కడుపున జేరి, మూడు వారములలో తామును గ్రుడ్లు పెట్టనారంభించును. పెద్ద గొఱ్ఱెలకు వీనిని ఓర్చుకొను శక్తి క్రమముగా నలవడును. పిల్లల కది యుండదు. ఈనిన తల్లుల పెంటికలలో గ్రుడ్లు హెచ్చుగా నుండుటచే, తల్లి మేసిన బీడే బిడ్డకు ముప్పు తెచ్చును.

3. గుర్తులు

పిల్ల మందకు వెనుకబడుట, ఉన్ని పేలవమగుట, దవడ క్రింద వాపు ముఖ్యలక్షణములు. క్రింది కనుఱెప్పను వంచి చూడవలయును. లోపలిభాగము ఎఱ్ఱగా నున్న మేలు. వెలవెలబోయినచో రక్తము తగ్గినదని యెఱుగవలయును. దక్షిణాఫ్రికాలో 1990 దశకమున ఈ రంగును అయిదు తరగతులుగా చూపు పటము నేర్పరచిరి. ఈ జబ్బున పారుడు సాధారణముగా నుండదు. కావున పిల్ల పారుకొనుట లేదని యుపేక్షింపరాదు.

నెల మొదలు మూడు నాలుగు నెలల వయసు పిల్లలు నెత్తురుతో పారుకొనినచో అది కాక్సిడియా అను వేఱొక సూక్ష్మజీవి వలన కావచ్చును. దానికి నట్టల మందు పనిచేయదు. పశువైద్యుని వెంటనే సంప్రదింపవలయును. దొడ్డి పొడిగాను, నీటితొట్టి పెంటికలు పడకుండను ఉంచుట ముఖ్యము.

4. మేత విషయమై జాగ్రత్తలు

(అ) మంచు విడిచి గడ్డి ఆరినపిదప మాత్రమే పిల్లలను తోలవలయును.

(ఆ) చెరువు శిఖములోని తడిగడ్డిని మేపరాదు. నత్తలవలన వచ్చు కాలేయపు జలగలును అచ్చటనే దాపురించును.

(ఇ) పైరు కోసిన చేను పిల్లలకు మేలైన మేతస్థలము. దున్ని పైరు పెట్టిన నెలలలో గొఱ్ఱె అడుగిడదు గనుక పురుగు మిక్కిలి తక్కువగా నుండును. ఇట్టి చేను కాపరిచేతిలో నుండదు. భూమి గల రైతే యొసగవలయును.

(ఈ) ఎరువునకై మంద కట్టించిన చేనిలో ఆ వానకాలమునందే పిల్లలను మరల మేపరాదు.

(ఉ) బీడును ముందు పశువులచే మేపించుట మంచిది. గొఱ్ఱెల నట్టలు వాని కడుపులో అంతగా వర్ధిల్లవు. మేకలకు మాత్రము ఇవియే పట్టును.

5. మందు విషయమై జాగ్రత్తలు

పూర్వము మైలుతుత్తపు నీరు త్రాగించెడివారు. రాగి గొఱ్ఱెకు విషప్రాయము గనుక ఆ పద్ధతి విడువవలయును. 1961లో థయాబెండజోలను మందు వచ్చెను. 1964 నాటికే దానికి లొంగని పురుగులు కనబడెను. నేడు వాడు ఆల్బెండజోలు, ఫెన్‌బెండజోలు మున్నగునవి అదే జాతివి. మాటిమాటికి త్రాగించినను, చాలీచాలకుండ పోసినను వీనికిని అదే గతి పట్టును. కావున పిల్లను తూచి, పశువైద్యుడు చెప్పిన మోతాదు పోయవలయును. తూచు వీలు లేనిచో, సమవయసు పిల్లలలో బరువైనదాని ననుసరింపవలయును. కనుఱెప్ప ఎఱ్ఱగా నుండి పుష్టిగా నున్నవానికి పోయకుండుటయే మేలు. చూలు కట్టిన తొలినెలలో గొఱ్ఱెలకు ఆల్బెండజోలు పోయరాదు. త్రాగించునపుడు తల మిక్కిలి పైకెత్తక, నోటి ప్రక్కనుండి మెల్లగా పోయవలయును. లేనిచో మందు ఊపిరితిత్తులలోనికి పోవును. సంతలో కొన్న గొఱ్ఱెలను మందు పోసి, రెండు దినములు వేఱుగా కట్టి, పిదప మందలో కలుపవలయును.

మందు కడుపులోని పురుగును చంపునేగాని గడ్డిమీది పురుగును చంపజాలదు. నేడు మందు త్రాగి రేపు ఆ తడిబీడునే మేసిన పిల్లకు మూడు వారములలో జబ్బు మరల వచ్చును. కావున రైతులు సీసా కొనుటకు ముందుగా, ఈ వానకాలమున పిల్లల నెక్కడ మేపవలయునో కాపరితో కూర్చుండి నిర్ణయింతురుగాక.